వరద దిగాకే కట్టకు అసలు పరీక్ష

(తెనాలిలో విద్యార్థులు, ఉద్యోగులు హాజరైన సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

నీళ్ల గురించి మాట్లాడుకోవడం మనకు కొత్త కాదు. టీఎంసీ అంటే ఎంతో, క్యూసెక్కు అంటే ఏమిటో, బచావత్ ట్రిబ్యునల్ ఎవరి వాటా ఎలా తేల్చిందో టీ కొట్టు దగ్గర కూర్చున్న మామూలు మనిషి కూడా గడగడా చెప్పగలిగిన నేల మనది. రాష్ట్రం కోసం జరిగిన ఉద్యమాలు, అది 1969 గానీ, 1972 గానీ, 2001 తర్వాతది గానీ, మనకు నేర్పిన చదువు అది. ఎవరు ఎటు నిలబడ్డా నీళ్ల లెక్క మాత్రం అందరూ నేర్చుకున్నారు.

అయితే ఆ చదువులో ఒక లోటు ఉంది. మనం నేర్చింది నీళ్ల పరిమాణం గురించే. ఎన్ని వచ్చాయి, ఎన్ని ఆపారు, ఎన్ని సముద్రం పాలయ్యాయి. ఆ నీళ్లను పక్కనుంచి పట్టి నిలబెట్టే మట్టికట్ట గురించి ఎవరమూ మాట్లాడం. కరకట్ట మనకు ఒక రోడ్డు. బండి పోతుంది, బస్సు పోతుంది, సాయంత్రం గాలికి నడుస్తాం. గండి పడిన రోజున మాత్రమే అది కట్ట అని గుర్తొస్తుంది. ఆ రోజు గుర్తొచ్చి ప్రయోజనం ఏముంది?

ఇవాళ నేను ఒక్క విషయం చెప్పడానికి వచ్చాను. నీరు ఎంత ఎత్తుకు వచ్చిందన్న దాన్ని బట్టి మాత్రమే కట్ట తెగదు. నీరు ఎంత తొందరగా ఎక్కింది, ఎన్నాళ్లు నిలిచింది, ఎంత తొందరగా దిగింది, ఆ తర్వాత ఎన్నాళ్లు లేకుండా పోయింది, ఈ నాలుగూ కలిసి కట్ట బతుకును నిర్ణయిస్తాయి. మన ప్రభుత్వాలు, మన పత్రికలు, మనం కూడా మొదటి లెక్క ఒక్కటే చూస్తాం. మిగిలిన మూడూ వదిలేస్తాం. ప్రమాదం అక్కడ ఉంది.

ఎత్తు ఒక్కటే లెక్క కాదు

2009 అక్టోబరు సంగతి మీలో చాలామందికి కళ్లముందే ఉంటుంది. అక్టోబరు 2న కర్నూలు మునిగింది. శ్రీశైలం డ్యాం చూడనంత నీరు చూసింది. ఆ వరద నాగార్జునసాగర్ దాటి మన దాకా వచ్చేసరికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.10 లక్షల క్యూసెక్కులు. అంతకు ముందు పెద్ద వరదగా చెప్పుకునే 1903 నాటి లెక్క 10.60 లక్షలు. అది కూడా దాటిపోయింది. ఆ వారంలోనే రేపల్లె ప్రాంతంలో ఓలేరు దగ్గర కుడి కరకట్టకు గండి పడింది. కట్ట లోపల ఉన్నాం కాబట్టి మాకు భయం లేదు అనుకున్న పల్లెలు నీళ్లలో తేలాయి. లంకల వాళ్లకు వరద తెలుసు. నీళ్లొస్తే ఏం సర్దుకోవాలో, ఎటు పోవాలో వాళ్లకు తాతల నాటి నుంచి తెలుసు. కట్ట ఇవతలి వాళ్లకు తెలియదు. అందుకే గండి పడితే దెబ్బ వీళ్లకు ఎక్కువ.

దాదాపు పదిహేనేళ్లకు, 2024 సెప్టెంబరు 2న, 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. పాత రికార్డు పోయింది. రేపల్లె ప్రాంతంలో కట్ట బలహీనంగా ఉన్న చోట్ల జనం ఇసుక బస్తాలు వేసి కాపాడుకున్నారు. బ్యారేజీని కట్టిన లెక్క 11.9 లక్షల క్యూసెక్కులకు. అంటే మనం గీతకు ఎంత దగ్గరగా వెళ్లొచ్చామో చూడండి.

ఈ అంకెలు విన్నవాళ్లు ఏమంటారు? కట్ట ఎత్తు పెంచితే సరిపోతుంది కదా అంటారు. పెంచాలి. కాదనడం లేదు. కానీ ఎత్తు పెంచినంత మాత్రాన సరిపోయేదైతే బీహారులో కోసీ తెగేది కాదు. 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర కోసీ కట్ట తెగింది. లక్షల మంది ఇళ్లు వదిలి పోయారు. ఆ కట్టను కట్టింది తొమ్మిదిన్నర లక్షల క్యూసెక్కులకు. తెగిన రోజు నదిలో ఉన్నది ఒకటిన్నర లక్షల దరిదాపు! ఆరో వంతు నీటికే కట్ట పోయింది. నీరు కట్ట మీదుగా పొర్లి పోలేదు. పక్కనుంచి కోసుకుంటూ వచ్చి పడగొట్టింది.

2005లో అమెరికాలో న్యూ ఆర్లియన్స్ మునిగింది. అక్కడ కూడా కొన్ని కాలువ గోడలు నీరు అంచు దాకా రాకముందే కూలాయి. కింద మెత్తటి మట్టి జారిపోయింది. డబ్బున్న దేశం, ఇంజినీర్లున్న దేశం. మట్టికి ఆ తేడాలు తెలియవు కదా.

మన కట్ట దేంతో కట్టారు?

1832-33 డొక్కల కరువు తర్వాత కృష్ణకు ఆనకట్ట కావాలన్న మాట గట్టిపడింది. 1855 నాటికి విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. అది 1952లో తెగితే దాని స్థానంలో కట్టిందే ఇప్పటి ప్రకాశం బ్యారేజీ. 1957లో పూర్తయింది. కాలువలు వచ్చాయి, పంట వచ్చింది, పంటతో పాటు ఊళ్లు నదికి దగ్గరగా జరిగాయి. ఊళ్లు దగ్గరైన కొద్దీ కట్ట అవసరం పెరిగింది. కుడివైపు సీతానగరం నుంచి దిగువకు, కొల్లిపర, కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె ప్రాంతాల మీదుగా సముద్రం వైపు సాగే కరకట్ట అలా మన బతుకులో భాగమైంది.

దేంతో కట్టారు? దగ్గర్లో దొరికిన మట్టితో. డెల్టాలో దొరికేది ఏమిటి? నల్లమట్టి, ఒండ్రు, ఇసుక. నది వెయ్యేళ్లుగా దారి మారుతూ వచ్చింది. పాత పాయలన్నీ ఇసుకతో పూడి, పైన ఒండ్రు కప్పుకుని ఉన్నాయి. పైకి చూస్తే అంతా ఒకే పొలం. లోపల ఒకచోట బంక, పది గజాల అవతల ఇసుక. మన కట్ట ఆ రెండింటి మీదా కూర్చుని ఉంది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో చెబుతాను. ఇసుకలో నీరు రోజుకు మీటర్ల లెక్కన పారుతుంది. మంచి బంకమట్టిలో రోజుకు మిల్లీమీటరు కూడా కదలదు. ఇసుకలోకి నీరు తొందరగా వస్తుంది, తొందరగా పోతుంది. బంకమట్టిలోకి నెమ్మదిగా వస్తుంది, ఒకసారి వచ్చాక అంత తేలిగ్గా పోదు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతా కథంతా అర్థమవుతుంది.

నాలుగు దశలు

మొదటిది, ఎక్కే నీరు. వేసవిలో నల్లమట్టి నెర్రెలు బారుతుంది. మన పొలాల్లో చెయ్యి దూరేంత నెర్రెలు చూశాం. కట్ట కూడా అదే మట్టి. దానికి తోడు పందికొక్కులు, ఎండ్రకాయలు, చెదపుట్టలు, ఎండిపోయిన చెట్ల వేళ్లు. వీటన్నిటి వల్ల కట్ట లోపల కంటికి కనిపించని దారులు ఏర్పడతాయి. నీరు నెమ్మదిగా ఎక్కితే మట్టి తడిసి, ఉబ్బి, నెర్రె తనంతట తాను మూసుకునే అవకాశం ఉంది. ఒక్క రాత్రిలో పది అడుగులు ఎక్కితే ఆ అవకాశం ఉండదు. నీరు సూటిగా ఆ దారిలో దూరుతుంది. దాన్నే మనవాళ్లు బుంగ పడింది అంటారు. చిటికెన వేలంత బుంగ గంటల్లో గుమ్మమంత అవుతుంది.

రెండోది, నిలిచే నీరు. వరద మూడు నాలుగు రోజులు ఎత్తులోనే ఉంటే నీరు కట్టలోకీ, కట్ట కింది ఇసుక పొరలోకీ చొరబడి ఊరివైపు తేలుతుంది. కట్ట పాదం దగ్గర పొలంలో నీటి బుగ్గ లేస్తుంది. అప్పుడు చూడాల్సింది ఒక్కటే. వచ్చే నీరు తేటగా ఉందా, బురదగా ఉందా? తేటగా ఉంటే కాపలా పెట్టాలి. బురదగా ఉంటే కట్ట కింది మట్టి కొట్టుకొస్తోందని అర్థం. అక్కడ కంగారులో జనం ఒక పొరపాటు చేస్తారు. బుగ్గ నోట్లో బస్తా పెట్టి మూసేస్తారు. మూస్తే ఇంకోచోట లేస్తుంది. చేయాల్సింది బుగ్గ చుట్టూ బస్తాలతో బావి గట్టులా కట్టడం. లోపల నీరు ఎత్తు పెరిగితే ఆ బరువే కింది ఒత్తిడిని ఆపుతుంది. నీరు పోవాలి, మట్టి ఆగాలి. దీన్ని ప్రతి పల్లెలో పది మందికి నేర్పడానికి ఒక పూట చాలు.

మూడోది, దిగే నీరు. నేను ఇంత దూరం వచ్చింది ఈ మాట చెప్పడానికే.

వరద నిలిచి ఉన్నన్నాళ్లూ రెండు పనులు జరుగుతాయి. కట్ట లోపలికి నీరు చేరి మట్టి బరువెక్కుతుంది. పొడిగా ఉన్నప్పుడు ఘనమీటరు ఒకటిన్నర టన్నుల దరిదాపు ఉన్న మట్టి, పూర్తిగా నానితే రెండు టన్నులకు వస్తుంది. అదే సమయంలో నదిలో ఉన్న నీరు కట్ట వాలును బయటి నుంచి ఒత్తి పట్టుకుని ఉంటుంది. మూడు మీటర్ల లోతున ఆ ఒత్తిడి చదరపు మీటరుకు మూడు టన్నులు. అంటే ఏ నదికి భయపడి కట్ట కట్టామో, ఆ నదే ఆ నాలుగు రోజులూ కట్ట భుజానికి ఆనుకుని నిలబడి ఉంటుంది.

ఇప్పుడు వరద దిగింది. నదిలో నీరు ఒక్క రోజులో మూడు మీటర్లు తగ్గింది. ఆనుకున్న భుజం పోయింది. కానీ బంకమట్టి లోపలి నీరు కదిలిందా? లేదు. దాని నడక రోజుకు మిల్లీమీటరు కూడా కాదు అనుకున్నాం కదా. బరువు అలాగే ఉంది, లోపలి నీటి ఒత్తిడి అలాగే ఉంది, ఆసరా మాత్రం పోయింది. మట్టి రేణువులు ఒకదాన్నొకటి అదిమి పట్టుకుంటేనే మట్టికి బలం. మధ్యలో ఉన్న నీరు వాటిని విడదీసి నెడుతుంటే ఆ పట్టు సడలుతుంది. 1925లో కార్ల్ టెర్జాగి అనే ఇంజినీరు ఈ సూత్రాన్ని పుస్తకంగా రాసి మట్టి శాస్త్రానికి పునాది వేశాడు. వందేళ్లు దాటింది. ఇంజినీరింగ్ కాలేజీలో ప్రతి సివిల్ విద్యార్థీ చదువుతాడు, పరీక్ష రాస్తాడు. కట్ట మీద మాత్రం దాన్ని అమలు చేసే నాథుడు లేడు.

అప్పుడేమవుతుంది? నదివైపు వాలు జారుతుంది. కట్ట నడిమి మీద పొడుగునా సన్నటి బీట పడుతుంది. రెండో రోజుకు ఒక వైపు బెత్తెడు కుంగుతుంది. వరద వెళ్లిపోయింది కాబట్టి ఊరు మునగదు, వార్త కాదు. కానీ కట్ట సగం అయిపోయింది. తర్వాతి వరద వచ్చి ఆ సగం కట్టను తోసేస్తే అప్పుడు మనం ఆ తర్వాతి వరదను తిడతాం. గాయం చేసింది ఒక వరద, చంపింది ఇంకో వరద.

ఈ మాట ఊహించి చెబుతున్నది కాదు. అమెరికాలో కాలిఫోర్నియాలో శాన్ లూయీ అనే పెద్ద మట్టి డ్యాం ఉంది. 1967లో పూర్తయింది. పధ్నాలుగేళ్లు నీరు ఎక్కింది, దిగింది, ఏమీ కాలేదు. 1981లో అంతకు ముందెప్పుడూ లేనంత లోతుకు, అంత వేగంగా నీరు దించారు. నీటివైపు వాలు జారిపోయింది. వాలు కింద ఉన్న బంకమట్టి పొర కట్టేనాటికి ఎండి రాయిలా గట్టిగా ఉంది. నీళ్లలో ఏళ్ల తరబడి నాని, ఎక్కే దిగే నీటికి అలిసి మెత్తబడింది. నిన్నటిదాకా ఏమీ కాలేదు అన్నది రేపటికి హామీ కాదని ఆ డ్యాం చెబుతోంది.

నాలుగోది, లేని నీరు. ఇది చాలామంది నమ్మరు. నీళ్లు లేకపోతే కట్టకు భయమేమిటి అంటారు. 2003 ఆగస్టులో నెదర్లాండ్స్‌లో విల్నిస్ అనే ఊళ్లో కాలువ కట్ట తెగి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అప్పుడు వరద లేదు, వాన లేదు. ఎండలకు కట్టలోని మట్టి ఎండి తేలికై పక్కకు జరిగింది. ఆస్ట్రేలియాలో మర్రే నది కరువుకు సముద్రమట్టం కంటే కిందికి దిగిపోయింది. 2009 ఫిబ్రవరిలో మర్రే బ్రిడ్జ్ అనే ఊరి దగ్గర ఒడ్డు ఉన్నట్టుండి నదిలోకి జారి, నిలిపి ఉన్న కార్లు నీళ్లలో పడ్డాయి. సంవత్సరం గమనించండి. అదే 2009. ఫిబ్రవరిలో అక్కడ నీరు లేక ఒడ్డు కూలింది, అక్టోబరులో ఇక్కడ నీరు ఎక్కువై కట్ట తెగింది. రెండు చోట్లా మట్టిని దెబ్బ తీసింది నీటి మట్టంలో వచ్చిన మార్పే.

హెచ్చరిక ఎత్తేశారు, కాపలా ఎత్తేశారు

ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక. 5.69 లక్షలు దాటితే రెండోది. ఎక్కేటప్పుడు ఇది బాగానే పని చేస్తుంది. కలెక్టరు వస్తారు, మంత్రులు వస్తారు, టీవీల వాళ్లు వస్తారు. రెండో హెచ్చరిక ఉపసంహరణ అన్న వార్త రాగానే అందరూ ఊపిరి పీల్చుకుని వెళ్లిపోతారు. ఇసుక బస్తాల లారీ వెనక్కి పోతుంది. కంట్రోల్ రూమ్ మూత పడుతుంది.

ఇంతసేపు చెప్పింది గుర్తు చేసుకోండి. నదివైపు వాలుకు కష్టకాలం మొదలయ్యేది ఎప్పుడు? సరిగ్గా అప్పుడే. మనం కాపలా ఎత్తేసే గంటా, కట్ట బీట పడే గంటా ఒకటే. ఇందులో ఏ ఒక్క అధికారిదో తప్పని నేను అనడం లేదు. ఏర్పాటే అలా ఉంది. నీరు ఎక్కడానికి హెచ్చరిక ఉంది, దిగడానికి హెచ్చరిక లేదు.

ఇంకో మాట. ఒకప్పుడు నది తన ఇష్టం వచ్చినట్టు ఎక్కేది, దిగేది. ఇవాళ అలా కాదు. జూరాల, శ్రీశైలం, సాగర్, పులిచింతల ఇవన్నీ దాటి వచ్చే నీరు ఎంత వేగంగా ఎక్కాలో దిగాలో చాలావరకు గేట్ల చేతిలో ఉంది. వరద తగ్గుముఖం పట్టగానే ఎగువన గేట్లు దించి రిజర్వాయరు నింపుకుంటారు. నింపుకోవాలి, తప్పు లేదు. రేపటి పంట, తాగునీరు, కరెంటు అవే. కానీ గేట్లు ఒక్కసారిగా దించితే ఇక్కడ నది ఒక్కసారిగా పడిపోతుంది. అదే నీటిని కాస్త మెట్లుమెట్లుగా తగ్గిస్తే కట్టకు లోపలి తడి వదిలించుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. ఇసుక కలిసిన కట్టకైతే ఆ ఒకటి రెండు రోజులే ప్రాణం పోస్తాయి. బంకమట్టికి చాలకపోవచ్చు. అలాంటి చోట్ల వాలు తగ్గించడమో, పాదం దగ్గర రాయి వేయడమో చేయాలి.

2021 ఆగస్టు 5న పులిచింతలలో 16వ నంబరు గేటు ఊడిపోయింది. దాన్ని సరిచేయడానికి రిజర్వాయరులోని నీటిని రెండు మూడు రోజుల్లో చాలావరకు దించాల్సి వచ్చింది. దిగువ వాళ్లను అప్రమత్తం చేశారు, ప్రాణనష్టం లేకుండా చూశారు. మంచిదే. కానీ ఆ ఎక్కిదిగిన నీటికి దిగువ ఒడ్డులు ఎలా తట్టుకున్నాయో చూసి జనానికి చెప్పాలి కదా? ప్రతి వరద తర్వాతా అడగాల్సిన ప్రశ్న ఇది.

2014లో రాష్ట్రాలు రెండయ్యాయి. నది రెండు కాలేదు. పునర్విభజన చట్టం ప్రకారం కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ఏర్పడింది. బోర్డు సమావేశమైందంటే వాటాల కొట్లాటే వార్త. ఏ గేటు ఏ గంటకు ఎంత దించుతారో ముందుగా రెండు ప్రభుత్వాలూ చెప్పుకుని, దిగువ పల్లెకు తెలియజేయడానికి వాటా తేలాల్సిన పని లేదు. వాటా తేలేలోపు కట్ట ఆగదు.

కాలువ కట్టల సంగతి

ఇదంతా పెద్ద నది గొడవ, మన తెనాలికి ఏమిటి అనుకోకండి. మన ఊరు కాలువల ఊరు. జూన్, జులైల్లో నీళ్లు వదులుతారు, వేసవికి కట్టేస్తారు. నీళ్లు చాలని సంవత్సరం వంతులు పెడతారు. వంతు అంటే ఏమిటి? వారానికోసారి మట్టం ఎక్కడం, దిగడం. రైతుకు నీరు అందడానికి వంతు తప్పదు. కానీ లాకుల దగ్గర షట్టరు ఒక్క దెబ్బన దించితే కాలువ కట్ట లోపలివైపు జారుతుంది. కాలువ పక్కన చెట్టు వంగి నీళ్లలోకి చూస్తోందంటే, కరెంటు స్తంభం పక్కకు ఒరిగిందంటే, కట్ట మీది సిమెంటు రోడ్డు పొడుగునా చీలిందంటే దాని వెనక ఈ కథే ఉండొచ్చు. కాంట్రాక్టరు వచ్చి చీలిక మీద సిమెంటు పూస్తాడు. జబ్బు లోపల, మందు పైన.

బాపట్ల వైపు ఇంకో రకం. అక్కడ సముద్రం దగ్గర. మురుగు కాలువల్లో నీరు పోటుకు ఎక్కుతుంది, పాటుకు దిగుతుంది. రోజూ జరిగే తంతు. తుపాను వస్తే పైనుంచి వాన నీరు, కిందనుంచి సముద్రం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్లపాలైంది. పొలంలో నీరు నిలిచి, డ్రెయిను పొంగి, తర్వాత డ్రెయిను దిగి పొలం నీరు ఒక్కసారిగా గట్టును తన్నుకుంటూ వెళ్లేటప్పుడు గట్టు కోతకు గురవుతుంది. నల్లమడ వాగు గట్టు అయినా, కొమ్మమూరు కాలువ గట్టు అయినా మట్టి నియమం ఒకటే.

ఇక 2024లో బుడమేరు. నది కూడా కాదు, వాగు. దాని మళ్లింపు కాలువ కట్టకు మూడు గండ్లు పడితే విజయవాడ మునిగింది. సైన్యం వచ్చి సాయం పడితే సెప్టెంబరు 7 నాటికి గండ్లు పూడ్చారు. చిన్న కట్టే కదా అన్న నిర్లక్ష్యానికి పెద్ద నగరం మూల్యం చెల్లించింది.

మనం అడగాల్సింది

సమస్య చెప్పి చేతులు దులుపుకుంటే ఉపన్యాసం అవుతుంది. మనం అడగాల్సినవి అడుగుదాం.

ఒకటి. ఎక్కేటప్పుడు హెచ్చరిక ఉన్నట్టే దిగేటప్పుడూ హెచ్చరిక ఉండాలి. వరద దిగిన తర్వాత కనీసం పది రోజులు కట్ట మీద కాపలా కొనసాగాలి. బీట పడితే మొదటి రోజే తెలియాలి.

రెండు. ప్రతి వరద తర్వాత నెల లోపు కరకట్టను ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచి చూడాలి. జీపులో కాదు, నడిచి. ఊరి పెద్దలను, రైతులను వెంట తీసుకోవాలి. ఎక్కడ బీట, ఎక్కడ ఊట, ఎక్కడ కుంగింది, ఆ జాబితా తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. దీనికి కోట్లు అక్కర్లేదు.

మూడు. ఇదివరకు గండి పడిన చోట, ఊట కనిపించిన చోట కట్టలో నీటిమట్టం కొలిచే గొట్టాలు దించాలి. పీజోమీటరు అంటే భయపడేంత యంత్రమేమీ కాదు. నది దిగినా గొట్టంలో నీరు దిగలేదంటే కట్ట ప్రమాదంలో ఉందని ఇంటర్ చదివిన పిల్లవాడు కూడా చెప్పగలడు.

నాలుగు. కట్ట పాదం దగ్గర ఇసుక, మట్టి తవ్వకం ఆపాలి. పాదం తవ్వితే వాలు నిటారవుతుంది. దిగే నీటికి జారేది నిటారు వాలే. ఒక లారీ ఇసుకకు లాభం ఒకరిది, కట్ట పోతే నష్టం వెయ్యి ఇళ్లది. ఏ పార్టీ వాడు తవ్వినా తవ్వకమే.

ఐదు. మరమ్మతు వేసవిలో, వరద రాకముందు జరగాలి. జారిన చోట పైన మట్టి పోసి చదును చేస్తే అది మరమ్మతు కాదు. జారిన మట్టి తీసేసి, పొరలు పొరలుగా రోలరుతో దట్టించి, పాదం దగ్గర ఇసుకా కంకరా వేసి నీరు బయటికి పోయే దారి ఇవ్వాలి. గుర్తు పెట్టుకోండి, బీట పడిన కట్ట నెత్తిన బస్తాలు పేర్చకూడదు. పైబరువు పెరిగితే ఇంకా జారుతుంది. బరువు వేయాల్సింది పాదం దగ్గర.

ఇక్కడ ఉన్న ఉద్యోగ మిత్రులకు ఒక మాట. మీలో నీటిపారుదల శాఖ వాళ్లు ఉన్నారు. లష్కరు అనే మాట ఈ తరం పిల్లలకు తెలియకుండా పోతోంది. కట్ట మీద రోజూ నడిచి, ఎక్కడ ఎండ్రకాయ బొరియ పెట్టిందో చెప్పగలిగిన మనిషి అతను. జీతాల కోసం మనం సమ్మెలు చేశాం, తప్పు లేదు. లష్కరు పోస్టు కోసం కూడా ఒకసారి గొంతెత్తండి. అది మీ సంఘం డిమాండు మాత్రమే కాదు, ఊరి డిమాండు.

విద్యార్థి మిత్రులారా! బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి. మట్టి పరీక్ష చేసే లాబొరేటరీలు ఉన్నాయి. ప్రాజెక్టు వర్కు కోసం ఎక్కడెక్కడివో అంకెలు తెచ్చుకుంటారు. మీ ఊరి కట్ట మీదకు రండి. మైలుకు ఒక చోట మట్టి తీసి పరీక్షించండి. నది మట్టం, కట్ట లోపలి మట్టం రెండూ వరద రోజుల్లో రాసి పెట్టండి. మూడేళ్లు రాస్తే అది ప్రభుత్వం కాదనలేని పత్రం అవుతుంది. ఆ లెక్క అడిగితే ఏ మంత్రి అయినా జవాబు చెప్పి తీరాలి.

ఉద్యమం మనకు నేర్పిన మొదటి పాఠం ఏమిటి? లెక్క అడగడం. నీళ్ల లెక్క అడిగాం, నిధుల లెక్క అడిగాం, కొలువుల లెక్క అడిగాం. ఇప్పుడు మట్టి లెక్క అడగాలి. ఈసారి వరదకు రెండో హెచ్చరిక ఎత్తేశారన్న వార్త వచ్చిన మర్నాడు పొద్దున్నే ప్రతి ఊరి నుంచి పది మంది కట్ట మీదకు వెళ్లండి. నదివైపు వాలు చూడండి. బీట ఉంటే ఫోటో తీయండి, తేదీ వేయండి, అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ గాల్లో మాటే.

ఓలేరు ఇంకోసారి జరగకుండా చూసుకోవడం మన చేతిలో కొంత ఉంది. ఆ కొంత మనం చేద్దాం, మిగతాది వాళ్ల చేత చేయిద్దాం.